ఒకే భర్త, ఎన్ని పొయ్యిలు?

ఒకరికి మించి భార్యలున్న కుటుంబాల్లో రోజువారీ జీవితం ఎలా సాగుతుంది, సవతుల మధ్య సఖ్యత అనేది నిజంగా ఉంటుందా, పిల్లలు ఎవరిని అమ్మ అంటారు, చివరికి ఆస్తి ఎలా పంచుకుంటారు అని మీరు అడిగారు. అటువంటి ఇంట్లో ఉన్నవారో, దగ్గరగా చూసినవారో చెప్పాలని కూడా కోరారు కాబట్టి ఈ జవాబు రాస్తున్నాను. మా తాతగారికి ఇద్దరు భార్యలు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆ ఇంట్లోనే నేను పుట్టి పెరిగాను. ఆ తరువాత 2010 నుంచి 2016 వరకు పశ్చిమ కెన్యాలో, కిసుము నగరానికి కొంత దూరంలో ఉన్న ఒక చక్కెర కర్మాగారంలో కెమిస్టుగా పనిచేశాను. అక్కడి లువో జనంలో ఇద్దరు ముగ్గురు భార్యలున్న సంసారాలు బాహాటంగా, చట్టం ఎరుకలోనే సాగుతాయి. ఈ రెండు చోట్లా చూసినదాన్ని బట్టి నాకు ఏర్పడిన అభిప్రాయం ఒక్కటే. అటువంటి కుటుంబం గురించి ఎవరైనా చెప్పినప్పుడు భార్యలు ఎంతమంది అని కాక, పొయ్యిలు ఎన్ని అని ముందు అడగాలి.

కెన్యా సంగతి ముందు చెబుతాను. మా కర్మాగారంలో చక్కెర పాకం వండే పాన్ స్టేషన్‌లో నాకంటె పెద్దవాడైన ఒక పాన్ మ్యాన్ ఉండేవాడు. పాకం పదును వేలితో చూసి చెప్పగలిగిన మనిషి. అందరూ ఆయనను 'మ్జే' అనేవారు, అంటే స్వాహిలీలో పెద్దాయన అని. ఆయనకు ముగ్గురు భార్యలు, పదకొండు మంది పిల్లలు. నేను చేరిన ఏడాదే వాళ్ల ఊరికి తీసుకువెళ్లాడు. ముగ్గురు భార్యలంటే ఒక ఇంట్లో మూడు గదులుంటాయి కాబోలు అనుకుని వెళ్లిన నాకు, కంచె కట్టిన ఒక పెద్ద ఆవరణలో మూడు విడివిడి ఇళ్లు కనిపించాయి. వీధి గుమ్మానికి ఎదురుగా, ఆవరణ పై భాగంలో ఉన్నది పెద్ద భార్య ఇల్లు. ఆమెను మికాయి అంటారు. రెండో భార్య న్యాచిర. ఆమె ఇల్లు ఒక పక్కన ఉంటుంది. మూడో భార్య రేరు. ఆమె ఇల్లు రెండో పక్కన ఉంటుంది. ఎదిగిన కొడుకుల గుడిసెలు గుమ్మానికి దగ్గరగా ఉంటాయి, వాటిని సింబా అంటారు. కిసుము మ్యూజియంలో ఇటువంటి ఆవరణను 'బెర్ గి దాలా' పేరుతో ఉన్నది ఉన్నట్టుగా కట్టి చూపిస్తారు. ముగ్గురు భార్యల ఇళ్లు, పెద్ద కొడుకు ఇల్లు, పశువుల దొడ్డి, ధాన్యపు గాదె అన్నీ అందులో ఉంటాయి. ఎప్పుడైనా అటు వెళితే తప్పక చూడండి, నేను చెప్పేదంతా పది నిమిషాల్లో కళ్లకు కడుతుంది.

ఒక్కొక్క భార్యకు తన ఇల్లు, తన పొయ్యి, తన చేను, తన గాదె ఉంటాయి. భర్తకు మాత్రం విడిగా ఇల్లంటూ లేదు. పూర్వం పశువుల దొడ్డి పక్కన 'దువోల్' అనే చిన్న పాక ఉండేదట. మగవాళ్లు అక్కడే కూర్చుని భోంచేసేవారని మ్జే చెప్పాడు. ఆ రోజు మధ్యాహ్నం మా ముందుకు మూడు ఇళ్ల నుంచి మూడు పళ్లేలు వచ్చాయి. మూడింటిలోనూ ఉగాలి, అంటే మన రాగి సంకటి లాగా మొక్కజొన్న పిండితో వండిన గట్టి ముద్ద. ఒకదానితో చేపల పులుసు, ఒకదానితో సుకుమా ఆకుకూర, ఒకదానితో ఎండిన చిన్న చేపల వేపుడు. నేను గోదావరి మనిషిని కనుక చేపల పులుసు వైపే చెయ్యి చాచాను. మ్జే నా మణికట్టు పట్టుకుని ఆపి, మూడింటిలోనూ తలా ఒక ముద్ద తిన్న తరువాత నీ ఇష్టం అన్నాడు. వాకిట్లో గిన్నెలు తోముతున్నట్టు కనిపిస్తూనే ముగ్గురు భార్యలూ నా చేతి వైపే చూస్తున్నారని నాకు అప్పుడు తెలిసింది.

దీన్నిబట్టి అక్కడ అంతా సమానమని అనుకోకూడదు. పెద్దరికం ఉంది, అది చాలా గట్టిగా ఉంది. లువో ఆచారంలో విత్తనం ముందుగా మికాయి వేయాలి, ఆ తరువాతే న్యాచిర, ఆ తరువాతే రేరు. కోత కూడా అదే వరసలో జరుగుతుంది. వరస తప్పితే ఆ కుటుంబానికి అరిష్టం చుట్టుకుంటుందని, పిల్లలు చిక్కి శల్యమవుతారని నమ్ముతారు. ఆ అరిష్టానికి వారి భాషలో పేరు 'చిర'. మొదటిసారి విన్నప్పుడు నేను మన చీర అనుకుని చాలాసేపు తికమకపడ్డాను. ఒక ఏడాది మార్చిలో పెద్ద వానలు ముందుగానే పడ్డాయి. మికాయి అప్పుడు కూతురి పురిటికి నైరోబి వెళ్లి ఉంది. న్యాచిర, రేరు ఇద్దరూ దుక్కి సిద్ధం చేసుకుని, బుట్టల్లో విత్తనాలు పెట్టుకుని, పక్కవాళ్ల చేలలో మొలకలు రావడం చూస్తూ నాలుగు రోజులు కూర్చున్నారు. ఫోన్ల మీద ఫోన్లు వెళ్లాక మికాయి రాత్రి బస్సు ఎక్కి వచ్చి, తెల్లవారుజామున తన చేలో పారతో నాలుగైదు గుంతలు తీసి గింజలు వేసి, చేతులు దులుపుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. అరగంటలో మిగతా రెండు చేలలో పని మొదలైంది. మ్జే ఆ వేళ డ్యూటీకి ఆలస్యంగా వచ్చి ఈ కథంతా చెప్పి, ఆమె ఆ నాలుగు రోజులూ కావాలనే ఆగిందని నెమ్మదిగా అన్నాడు.

సఖ్యత ఉంటుందా అన్న మీ ప్రశ్నకు ఇక్కడే జవాబు ఉంది. లువో భాషలో తోటి భార్యను 'న్యేక' అంటారు, అసూయను 'న్యేగో' అంటారు. రెండూ ఒకే మూలం నుంచి పుట్టినవే. మన వైపు కూడా తేడా లేదు. సంస్కృతంలోని సపత్నియే మన సవతి. ఆ సపత్ని నుంచే సపత్నుడు అనే మాట పుట్టి, దానికి శత్రువు అనే అర్థం స్థిరపడింది. ఇంత దూరంలో ఉన్న రెండు జాతులు ఒకరికొకరు చెప్పుకోకుండానే ఒకే అనుభవాన్ని మాటలో దాచుకున్నాయి. ఒక పువ్వు కోసం సత్యభామ అలిగిన కథ మనకు సరదాగా ఉంటుంది కానీ, అందులో సరదా ఉన్నది వినేవారికే.

అయితే నేను చూసిన ఇళ్లలో గొడవలు మనం ఊహించుకునే చోట, అంటే రాత్రుల వంతుల దగ్గర రాలేదు. అవి జనవరిలో వచ్చేవి, బడి ఫీజుల దగ్గర. కెన్యాలో 2003 నుంచి ప్రాథమిక విద్య ఉచితమే కానీ హైస్కూలు హాస్టళ్ల ఖర్చు బరువైనది. మ్జేకి ఉన్నది ఒక్క జీతం. ఏ ఇంటి పిల్లవాడు హాస్టలుకు వెళ్లాలి, ఏ ఇంటి పిల్ల పగటి బడితో సరిపెట్టుకోవాలి అన్న చోట మూడు ఇళ్ల మధ్య నెల రోజులు మాటలుండేవి కావు. పిల్లలు మాత్రం తల్లి తోటి భార్యలను కూడా అమ్మ అనే పిలిచేవారు. ఆవరణలో కలిసే ఆడుకునేవారు. కానీ ఒకే తల్లి కడుపున పుట్టినవారెవరో, తండ్రి మాత్రమే ఒకరైనవారెవరో ఐదేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు. ఆకలి వేసినప్పుడు వాడు ఏ గుమ్మం తొక్కుతాడో చూస్తే చాలు.

ఇక ఆస్తి. కెన్యా వారసత్వ చట్టం 1981 జూలై 1న అమల్లోకి వచ్చింది. దాని 40వ సెక్షన్ ఇటువంటి కుటుంబాల కోసమే ఉంది. వీలునామా రాయకుండా పోయిన మనిషి ఆస్తిని ముందుగా 'ఇళ్ల' మధ్య పంచాలి. ఒక్కొక్క ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అన్ని వంతులు, బతికి ఉన్న భార్యను కూడా ఒక వంతుగా కలపాలి. మ్జే ఇంటికి ఆ లెక్క కడితే మికాయికి ఆరుగురు పిల్లలు కాబట్టి ఏడు వంతులు, న్యాచిరకు ముగ్గురు కాబట్టి నాలుగు, రేరుకు ఇద్దరు కాబట్టి మూడు, మొత్తం పద్నాలుగు వంతులు. పాత ఆచారం ప్రకారమైతే ఇంటికొక సమాన భాగం రావాలని రేరు వాదన. ఒకసారి నా చేత కాగితం మీద ఆ లెక్క వేయించుకుని, చాలాసేపు చూసి, మడిచి దాచుకుంది. భర్త అప్పటికి నిక్షేపంగా ఉన్నాడు. నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది కానీ, ఆమె దృష్టిలో అది గ్యాస్ పుస్తకం జాగ్రత్త చేసుకున్నంత మామూలు విషయం.

నేను అక్కడ ఉండగానే 2014లో కొత్త వివాహ చట్టం వచ్చింది. క్రైస్తవ, సివిల్ వివాహాలూ, అక్కడి హిందువుల వివాహాలూ ఏకపత్నీ వివాహాలే. ఆచార వివాహాలు, ఇస్లాం వివాహాలు మాత్రం మరో భార్యకు తావున్నవిగా ఆ చట్టం భావిస్తుంది. మరో పెళ్లికి ముందు ఉన్న భార్యకు చెప్పి తీరాలన్న నిబంధనను పార్లమెంటులో తొలగించినప్పుడు మహిళా సభ్యులు కోపంతో సభ విడిచి వెళ్లారు. ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా దానిపై సంతకం చేశారు. ఆ వారమంతా మా క్యాంటీన్‌లో మగవాళ్ల నవ్వులే. వంద మందికి పైగా స్త్రీలను పెళ్లాడి 'డేంజర్' అనే బిరుదు సంపాదించి 2010లో చనిపోయిన అకుకు అనే లువో పెద్దమనిషి కథలు మళ్లీ బయటికి తీశారు. ముగ్గురు భార్యలున్న మా మ్జే మాత్రం నవ్వలేదు. చెప్పకుండా తెచ్చిన భార్యకు ఆవరణలో ఇల్లు ఎక్కడ కడతారు అని ఒక్క మాట అడిగి పాన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఈ పద్ధతి ఎందుకు వచ్చిందన్నది పెద్ద చర్చ. క్లుప్తంగా చెప్పాలంటే, నాగలితో మగవాడు దున్నే చోట కాక, పారతో ఆడవాళ్లే సేద్యం చేసే చోట, భూమి విరివిగా ఉండి చేతులు తక్కువైన చోట, మరో భార్య అంటే మరో చేను సాగులోకి వచ్చినట్టే. అందుకే అక్కడ ఆడపిల్ల తండ్రికి పెళ్లికొడుకు ఆవులు ఇచ్చుకుంటాడు, అంటే మన పాత మాటలో ఓలి. దీనికి తలకిందులుగా, హిమాలయాల్లో కిన్నౌర్, జౌన్సార్ ప్రాంతాల్లో కాస్తంత భూమి ముక్కలు కాకుండా అన్నదమ్ములందరూ ఒకే భార్యతో కాపురం చేసే ఆచారం ఉండేది. సెనెగల్‌లో 1972 నాటి కుటుంబ చట్టం పెళ్లినాడే వరుడి చేత చెప్పిస్తుంది, ఒక్క భార్యతో ఆగుతాడా, ఇద్దరా, నలుగురి దాకానా అని. ట్యునీషియా 1956లోనే బహుభార్యత్వాన్ని నిషేధించింది. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం ప్రపంచ జనాభాలో ఇటువంటి కుటుంబాల్లో ఉన్నవారు సుమారు 2 శాతమే కానీ, బుర్కినా ఫాసో, మాలి దేశాల్లో మూడింట ఒక వంతు దాటారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా తాతగారికి 1920 ప్రాంతంలో మొదటి పెళ్లి అయింది. పదకొండేళ్లు గడిచినా పిల్లలు కలగలేదు. 1931లో పెద్ద మామ్మే పుట్టింటికి వెళ్లి, పరాయిది వచ్చి నెత్తినెక్కేకంటె నా చెల్లెలే వస్తే మేలు అని చెప్పి, పదిహేనేళ్ల తన చెల్లెలిని వెంటబెట్టుకుని వచ్చిందట. ఆ రోజుల్లో దాన్ని త్యాగమని అందరూ మెచ్చుకున్నారు. అంతకంటె దారి ఏముంది ఆమెకు అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. మా నాన్న 1934లో పుట్టాడు, ఆ తరువాత మరో నలుగురు. అందరినీ కన్నది చిన్న మామ్మ. అయితే ఇంట్లో అందరికీ పెద్దావిడే యజమానురాలు కనుక, పిల్లలు ఆమెనే అమ్మ అన్నారు. కన్నతల్లిని పిన్ని అన్నారు. వరసకు చూస్తే తల్లి అక్క పెద్దమ్మ కావాలి, తల్లి తల్లే కావాలి. మా ఇంట్లో ఆ రెండూ తారుమారయ్యాయి, ఎవరూ దిద్దలేదు.

వారిద్దరూ పోట్లాడుకోగా నేను ఒక్కసారీ చూడలేదు. చూసినవి వేరు. వంటిల్లు ఒక్కటే, తాళపుచేతుల గుత్తి పెద్ద మామ్మ బొడ్డున ఉండేది. బియ్యం కొలిచి పోసేది ఆమె, వండేది చెల్లెలు. పిల్లలకు మొదటి ముద్దలో నెయ్యి వేసి పెట్టేది ఆమె, ఆ పిల్లల గుడ్డలు ఉతికేది చెల్లెలు. ఆవకాయ జాడీలు రెండుండేవి, ఒకదానికి తెల్లగుడ్డ వాసెన, ఒకదానికి ఎర్రగుడ్డ. ఎర్రగుడ్డ జాడీ చిన్నది. చిన్న మామ్మ అందరి భోజనాలూ అయ్యాక వంటింటి గడప పక్కన పీట వేసుకుని, ఆ చిన్న జాడీలోని ఆవకాయతో తినేది. అప్పటికి పెరుగు చాలాసార్లు అయిపోయి ఉండేది. తాతగారు మంచివారే. ఇద్దరికీ ఒకే రకం చీరలు తెచ్చేవారు, ఊళ్లో దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. వంటిల్లు రెండు చేయాలని మాత్రం ఆయనకు ఎన్నడూ తోచలేదు. భర్త మరో పెళ్లి చేసుకుంటే భార్య వేరుగా ఉండి మనోవర్తి పొందవచ్చని 1946లో ఒక చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1949 నుంచి హిందువులకు రెండో పెళ్లి నిషేధమైంది. దేశమంతటికీ 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. అప్పటికే జరిగిన పెళ్లిళ్ల జోలికి ఆ నిషేధాలు పోలేదు. అక్కా చెల్లెళ్ల మధ్య మనోవర్తి మాట ఎత్తేవారు కూడా మా ఊళ్లో లేరు.

తాతగారు 1974లో పోయారు. అప్పుడు నాకు పదిహేనేళ్లు. దినవారాలు ముగిసి చుట్టాలు బండ్లెక్కిన మర్నాడు ఉదయం, పెరట్లో మునగచెట్టు కింద పొగ లేస్తుంటే వెళ్లి చూశాను. చిన్న మామ్మ మూడు ఇటుకలు పెట్టి, చిన్న గిన్నెలో అన్నం వండుకుంటోంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎవరి మీదా కోపంగా కూడా లేదు. అన్నం వార్చి, కాస్త ఉప్పూ నూనే కలుపుకుని, ఎండ పొడలో కూర్చుని నెమ్మదిగా తిన్నది. నలభై మూడేళ్ల తరువాత వేడి అన్నం ఆమె ముందుగా తినడం అదే మొదటిసారి అని నాకు చాలా కాలానికి గానీ తట్టలేదు. ఆ రోజు పెద్ద మామ్మ వంటింట్లో గుత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఏమీ తినలేదు. సాయంత్రం తనే చిన్న గిన్నెలో మజ్జిగ పట్టుకుని మునగచెట్టు దగ్గరికి వెళ్లింది. ఆ తరువాత వారిద్దరూ పన్నెండేళ్లు బతికారు, రెండు పొయ్యిలతో. వారు నవ్వుకుంటూ మాట్లాడుకోవడం నేను చూసింది ఆ పన్నెండేళ్లలోనే.

మన దగ్గర ఇప్పుడు పరిస్థితి వేరు కానీ, మెరుగని అనలేను. హిందువులకు రెండో పెళ్లి చెల్లదు. అది నేరం కూడా. పాత శిక్షాస్మృతిలో 494వ సెక్షన్‌గా ఉన్నది 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 82వ సెక్షన్ అయింది, ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ముస్లిం వ్యక్తిగత చట్టం కింద నలుగురి వరకు అనుమతి ఉంది కానీ, ఉత్తరాఖండ్ వంటి చోట 2025 నుంచి అదీ లేదు. చట్టం కాదన్నంత మాత్రాన మనవాళ్లు మానలేదు, మాట మార్చారు, చిన్నిల్లు అన్నారు. నాతో పనిచేసిన ఒకాయన 2019లో గుండెపోటుతో పోయినప్పుడు ఆ చిన్నింటి ఆవిడ ఇద్దరు పిల్లలతో శవం దగ్గరికి వస్తే, లోపలికి రానివ్వకుండా వీధిలోనే నిలబెట్టారు. పద్నాలుగేళ్లు ఆయనతో కాపురం చేసిన మనిషి ఆమె. గుళ్లో తాళి కట్టాడు, ఫొటోలు కూడా ఉన్నాయి. ప్రావిడెంట్ ఫండ్ నామినేషన్‌లో ఆమె పేరు లేదు, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లోనూ లేదు. పిల్లలకు మాత్రం హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ వల్ల తండ్రి ఆస్తిలో హక్కు వచ్చింది. తండ్రికి ఉమ్మడి ఆస్తిలో వచ్చే భాగంలో కూడా అటువంటి పిల్లలకు వాటా ఉంటుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆమెకు దక్కింది ఏమీ లేదు. మ్జే వేసిన ప్రశ్న, చెప్పకుండా తెచ్చిన భార్యకు ఇల్లు ఎక్కడ కడతారన్నది, నాకు ఆ వీధిలో గుర్తుకు వచ్చింది. మీరు ఈ ప్రశ్న ఎవరి కోసం అడిగారో నాకు తెలియదు. ఒకవేళ ఎవరైనా మిమ్మల్ని రెండో భార్యగా రమ్మంటూ ఉంటే, గుడిలో తాళి, వంద మంది సాక్షులు, ఇవేవీ ఇక్కడ మిమ్మల్ని భార్యను చేయవని తెలిసి నిర్ణయం తీసుకోండి.

బహుభార్యత్వం మంచిదని చెప్పడానికి ఇదంతా రాయలేదు. మ్జే కూతుళ్లు ముగ్గురు నాతో మాట్లాడినప్పుడు, ముగ్గురూ ఒక్క భార్యతో ఉండేవాడినే చేసుకుంటామన్నారు. వాళ్ల అమ్మలు ఆ మాట విని కాదనలేదు.

నేను తిరిగి వచ్చేసే ముందు ఆ ఆవరణకు చివరిసారి వెళ్లినప్పుడు, మికాయి మొక్కజొన్న పొత్తులు ఒలుస్తూ మా ఇంటి గురించి అడిగింది. మా తాతగారికి ఇద్దరు భార్యలని, ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకున్నారని చెప్పాను. మ్జే అనువదించాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. "మరి కోపం వచ్చినప్పుడు ఎవరు ఎటు వెళ్లేవారు?" అని అడిగింది. మునగచెట్టు సంగతి చెప్పాను.

"వాన పడితే?"

మా నాన్న ఆ పొయ్యి మీద తాటాకు పంచ వేయించాడని చెప్పాను. ఆమె తల ఊపి, మళ్లీ గింజలు ఒలవడం మొదలుపెట్టి, "మంచి కొడుకు. ఏ ఇంటి కొడుకు?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కన్నది చిన్న మామ్మ, నాన్న అమ్మా అని పిలిచింది పెద్ద మామ్మను.